అడవికి మా మిత్రమండలి చేసిన మేలు

అడవిని కాపాడటానికి అన్నిటికంటే మంచి మార్గం అడవికి వెళ్లకపోవడమే!

ఈ మాట నేను గాలికి అనడం లేదు. నేషనల్ పార్క్ మిత్రమండలి అనే స్వచ్ఛంద సేవాసంస్థలో ప్రచార కార్యదర్శిగా నాలుగేళ్లు పనిచేసిన అనుభవంతో అంటున్నాను. మా మండలిలో ఆరువందల పన్నెండు మంది సభ్యులున్నారు. వాళ్లలో పార్కు గేటు దాటి లోపలికి వెళ్లినవాళ్లు నెల కిందటి దాకా పదకొండు మంది. ఆ పదకొండు మందిలో ఇద్దరు దారి తప్పి వెళ్లారు. మిగిలిన ఆరువందల ఒక్కరి వల్ల అక్కడ ఒక గడ్డిపోచ కూడా నలగలేదు. ఇంతకు మించిన సంరక్షణ ఎక్కడైనా ఉందా?

ఈమధ్య కొందరికి మాలాంటి సంస్థలంటే వెటకారం ఎక్కువైంది. పనీపాటా లేనివాళ్ల కాలక్షేపమట. టీ-షర్టుల సేవట. ఎవరి నోరు వాళ్ల ఇష్టం కాబట్టి మేము పట్టించుకోం. కానీ జవాబు చెప్పకపోతే అదే నిజమనుకుంటారు కదా! అందుకని మా ప్రెసిడెంటు గారి సారథ్యంలో మేం చేసిన మహోపకారాన్ని సాక్ష్యాధారాలతో సహా పాఠకుల ముందు పెడుతున్నాను. కాస్త ఓపిక పట్టండి.

ముందుగా మా ఆఫీసు గురించి. మాకు ఆఫీసు లేదు. మా ప్రెసిడెంటు గారు పళ్ల డాక్టరు. ఆయన క్లినిక్‌లో పేషెంట్లు కూర్చునే హాలే మా కార్యాలయం. పన్నెండు కుర్చీలు, అట్టలు ఊడిపోయిన పాత పత్రికలు, చేపలు లేని చేపల తొట్టి. గోడమీద పుచ్చిపోయిన దవడపన్ను బొమ్మ, దాని పక్కనే నోరు తెరిచిన చిరుతపులి పోస్టరు. కొత్త పేషెంట్లు ఆ రెండిటికీ ఏదో సంబంధం ఉందనుకుని భయపడతారు. లోపలి గదిలో డ్రిల్లింగ్ మిషన్ గీ పెడుతూ ఉంటుంది. ఆ హోరులోనే అడవిలోని నిశ్శబ్దాన్ని కాపాడాలని మేం మొన్నటి దాకా పద్నాలుగు తీర్మానాలు చేశాం.

ఇంతమంది సభ్యులు ఎలా చేరారయ్యా అని తక్కిన సంస్థలవాళ్లు మమ్మల్ని కుళ్లుకుంటూ అడుగుతుంటారు. దాచడమెందుకు, చెప్పేస్తాను. డాక్టరు గారు చిగుళ్లకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక అది పట్టడానికి పది నిమిషాలు పడుతుంది. సభ్యత్వం ఫారం పేషెంటు చేతికి వచ్చేది ఆ పది నిమిషాల్లోనే. వద్దందామని నోరు తెరిస్తే, "ఆ, అలాగే తెరిచి ఉంచండి" అంటారాయన. ఏ సభ్యుడైనా సంతకం పెట్టిన రోజు చెంప పట్టుకునే ఇంటికి వెళ్లాడు. పన్ను పోతే పోయింది, అడవికి ఒక మిత్రుడు దొరికాడు.

మా సెక్రటరీ గారికి డ్రైవింగ్ స్కూలు ఉంది. ఇరవై రెండేళ్లు నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చున్న మనిషి. మీటింగులో ఎవరైనా వేగం పెంచి మాట్లాడితే ఆయన కుడికాలు దానంతటదే నేలమీద బ్రేకు తొక్కుతుంది. ఆ చప్పుడు వినగానే చర్చ ఆగిపోతుంది. అందుకే మా మండలిలో ఇంతవరకు ఏ గొడవా జరగలేదు. ఏ పనీ జరగలేదని గిట్టనివాళ్లు అంటారనుకోండి.

పని జరగకపోవడమేమిటండీ? నెలకో ఆదివారం పార్కు ముందు గేటు దగ్గర స్వచ్ఛతా దినం జరుపుతున్నాం! మొదటిసారి వెళ్లినప్పుడు మాకొక పెద్ద చిక్కు వచ్చిపడింది. అరవై మంది వెళ్లాం, అరవై జతల గ్లౌజులు పట్టుకెళ్లాం, తీరా చూస్తే అక్కడ చెత్త లేదు. గేటు దగ్గర ఉండే మనిషి పొద్దున్నే లేచి ఊడ్చేస్తాడట. సేవచేద్దామని తెల్లారకముందే లేచి వచ్చినవాళ్ల ఉత్సాహం నీరుగారిపోదా?

అప్పటినుంచి సెక్రటరీ గారు రెండు బస్తాల చెత్త ఇంటినుంచే తెస్తున్నారు. కడిగి ఆరబెట్టిన సీసాలు, మడతలు పెట్టిన కవర్లు, పదునైన అంచులు లేని డబ్బాలు. ముందు చల్లుతాం. ఫొటో. తర్వాత ఏరుతాం. మళ్లీ ఫొటో. మూడేళ్లుగా అదే చెత్త వాడుతున్నాం. ఒకసారి నీలంమూత సీసా ఒకటి తక్కువొస్తే అరవై మందీ రెండు గంటలు పొదలన్నీ గాలించాం. గేటు మనిషి దాన్ని నిజంగా చెత్త అనుకుని పారేశాడని తర్వాత తెలిసింది. గట్టిగా మందలించాం.

ఇక మా వాట్సాప్ గ్రూపు సంగతి. మా పార్కులో సింహాలు లేవు. గ్రూపులో మాత్రం పొద్దున లేస్తే ఇరవై సింహాలు శుభోదయం చెబుతాయి. అడవి మనకి ఊపిరి అని ఒకరు, అడవి మనకి తల్లి అని మరొకరు, అడవిలో స్థలం ఉంటే చెప్పండి ఫామ్‌హౌస్ కట్టుకుంటాను అని ఇంకొకరు. అందరివీ అభిమానాలే. ఎవరు ఎలా ప్రేమిస్తే ఏం?

ఇంత సాఫీగా సాగిపోతున్న సేవకి ఒకే ఒక్క అడ్డం వచ్చింది. అదీ మా ఇంట్లోంచే. మా బామ్మర్ది.

మా ఆవిడకి సొంత తమ్ముడు. పార్కు వెనక గేటు దగ్గర వాచర్‌గా పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. పర్మనెంటు కాదు, ఏడాదికోసారి పొడిగిస్తారు. ప్రచారమంటే ఏమిటో వాడికి బొత్తిగా తెలీదు. ఫొటో తీస్తుంటే పక్కకి తిరుగుతాడు. 'అడవి మనకి తల్లి' లాంటి మాట ఒక్కటంటే ఒక్కటి వాడి నోట వినలేదు. 'లోపల' అంటాడంతే. లోపల నీళ్లు తగ్గాయి. లోపల ఒక దుప్పి ఈనింది. ఇలాంటివాళ్ల వల్ల అడవికి పేరెలా వస్తుంది?

చలికాలం వెళ్లిపోతుండగా ఒకరోజు ఇంటికి వచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అసలు విషయం చెప్పాడు.

"బావా, ఫైర్ లైన్ ఊడవాలి."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎండాకాలం అడవిలో నిప్పు పుడితే ఎండుటాకుల మీదుగా పాకుతుంది. అందుకని దానికి అడ్డంగా పదడుగుల వెడల్పున ఆకూ, పుల్లా, గడ్డీ లేకుండా నేలంతా ఊడ్చి బోసిగా ఉంచుతారు. నిప్పు అక్కడిదాకా వచ్చి తినడానికేమీ దొరక్క ఆగిపోతుంది. ఆ బోసి దారినే ఫైర్ లైన్ అంటారు. వెనక గేటు దగ్గర అది మూడు కిలోమీటర్లు ఉంటుంది. దానికి ఇవతల రోడ్డు, సిగరెట్లు విసిరేసే కార్లు. అవతల లోయ. ముగ్గురు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందని చెట్లు ఆ లోయలో ఉన్నాయి. ఎండాకాలం దుప్పులు పిల్లల్ని అక్కడే దాచుకుంటాయి. రెండేళ్ల కిందట నిప్పు సరిగ్గా ఆ గీత దాకా వచ్చి ఆగిపోయింది. అప్పట్లో ఊడవడానికి ఎనిమిది మంది ఉండేవాళ్లు. ఇప్పుడు వీడొక్కడే మిగిలాడు.

"గాలులు మొదలయ్యేలోపు అయిపోవాలి బావా. మీ మండలిలో ఆరొందల మంది ఉన్నారు కదా. ఓ నలభై మంది ఒక్క ఆదివారం వస్తే చాలు. ఆకులు లాగే కర్రలు నేనిస్తాను."

"తప్పకుండా" అన్నాను. ప్రచార కార్యదర్శికి వెంటనే నోటికొచ్చే మాట అదే.

మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే, "మీ బావ తప్పకుండా అన్నారంటే నువ్వు వేరే దారి చూసుకోరా" అంది.

కట్టుకున్నవాళ్లకి మనమీద నమ్మకం ఉండదు. నేను ఆ వారమే విషయాన్ని మీటింగులో పెట్టాను. అబ్బో, ఎంత లోతైన చర్చ జరిగిందనుకున్నారు! ఆకులు అడవికి దుప్పటి అని, చలిలో ఉన్నవాడి దుప్పటి లాగుతామా అని మా సభ్యురాలైన యోగా టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చేది చలికాలం కాదు ఎండాకాలమని నేను గుర్తుచేస్తే సెక్రటరీ గారు బ్రేకు తొక్కారు. నలభై మంది నడిస్తే నేల గట్టిపడదా అని డాక్టరు గారు లోపలి గదిలోంచి, మాస్కు కిందికి లాగి మరీ ప్రశ్నించారు. ఆయన కింద నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు కూడా ఏదో అన్నాడు గాని అర్థం కాలేదు. మద్దతుగానే రాసుకున్నాం.

చివరికి, ఊడవడం సేవ కిందికి వస్తుందా, పని కిందికి వస్తుందా తేల్చమని ఐదుగురితో సబ్‌కమిటీ వేశారు. కన్వీనర్ని నేనే. మూడుసార్లు కలిశాం, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పూర్తి చేశాం, ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికొచ్చాం. ఊడవడం ఫొటోకి పనికిరాదు. ముందు ఫొటోలో ఆకులుంటాయి, తర్వాత ఫొటోలో ఏమీ ఉండదు. ఏమీ లేనిదాన్ని చూపించి మేం ఇది చేశామని ఎలా చెప్పుకుంటాం? ఇబ్బంది అర్థం చేసుకోండి.

మేం ఇలా తలమునకలై ఉండగా మా బామ్మర్ది పని మొదలుపెట్టేశాడు. వాడూ, వాడి భార్యా. ఆదివారాలూ సెలవురోజులూ మా ఆవిడ కూడా తమ్ముడింటికి వెళ్లొస్తానని వెళ్లేది. సాయంత్రం చేతులనిండా బొబ్బలతో వచ్చేది. వచ్చి చేతులకి నూనె రాసుకునేది. నేను ఎదురుగా కూర్చుని సబ్‌కమిటీ నివేదిక రాసుకునేవాణ్ని. అలా మూడు వారాలు గడిచాయి.

నాలుగోవారం వాడు ఫోన్ చేసి, "అయిపోయింది బావా, వచ్చి చూడండి" అన్నాడు. వెళ్లాను. మొదట చెప్పిన పదకొండు మందిలో నేనొకణ్ని. దారి తప్పిన ఇద్దరిలో కూడా నేనొకణ్ని, ఆ సంగతి వేరు.

ఏం చెప్పను! మూడు కిలోమీటర్ల పొడవునా నేల తుడిచిన అద్దంలా ఉంది. ఒక్క ఆకు లేదు. రోడ్డువైపు అంచున నడుమెత్తు ఆకుల కుప్పలు వరసగా పేర్చి ఉన్నాయి. వాడు నా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగాడు చేసిన పని అది.

వెంటనే ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పెట్టినవాణ్ని ఊరుకున్నానా? కాస్త సస్పెన్స్ ఉంటే నలుగురూ చూస్తారని నాలుగేళ్లుగా నేర్చుకున్న విద్య చూపించాను. "చూడండి! మూడు కిలోమీటర్లు. ఒక్క చెట్టు లేదు, ఒక్క ఆకు లేదు. దీనికి కారణం ఎవరు? జవాబు సాయంత్రం!" అని రాశాను. సాయంత్రం మా బామ్మర్ది ఫొటో పెట్టి అందర్నీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. వాణ్ని అటు తిరక్కుండా నిలబెట్టడానికే పావుగంట పట్టింది.

వెనక గేటు దగ్గర ఫోన్ సిగ్నల్ వచ్చినట్టే వచ్చి పోతుంది. నా మెసేజ్ వెళ్లింది, తర్వాత వచ్చినవి నాకు అందలేదు. బయటికొచ్చేసరికి మూడువందల నలభై మెసేజ్‌లు. అడవిని నరికేశారు! మాఫియా పని! ఏడుపు మొహాలు, పిడికిళ్లు, ఆరని కొవ్వొత్తులు. ప్రాణాలకు తెగించి ఈ దారుణాన్ని బయటపెట్టిన మన ప్రచార కార్యదర్శికి జేజేలు అని డాక్టరు గారు స్వయంగా వాయిస్ మెసేజ్ పెట్టారు.

పరుగెత్తుకుంటూ క్లినిక్‌కి వెళ్లాను. నన్ను చూడగానే హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. నా గౌరవార్థం డ్రిల్లింగ్ మిషన్ ఆపేశారు. మండలి చరిత్రలో అలా ఆపడం అదే మొదటిసారి.

"అది ఎవరూ నరికింది కాదండీ, ఫైర్ లైను" అన్నాను. ఒక్కసారి అన్నాను. చప్పట్లలో వినపడలేదు. రెండోసారి అనాలి కదా? అనలేదు. నాలుగేళ్లుగా ఆ హాల్లో నాకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి నవ్వాను. రేపు చెబుదాంలే అనుకున్నాను, రేపటికి బస్సులు మాట్లాడేశారు.

ఆ ఆదివారం జరిగినదాన్ని మా మండలి స్వర్ణాక్షరాలతో రాసుకుంటుంది. నలభై మందిని అడిగితే ఒక్కరు రాని చోటికి రెండువందల పదిమంది వచ్చారు! అందరూ పనిచేశారు! అబద్ధం చెప్పను, చెమటలు కారేలా పనిచేశారు. మూడు కిలోమీటర్ల పొడవునా ఐదువందల మొక్కలు నాటారు. ప్రతి మొక్క చుట్టూ ఎండుపుల్లలతో కంచె. ప్రతి కంచెకీ నాటినవాళ్ల పేరుతో అట్టముక్క. పార్కుకి రెండు నెలల కిందటే వచ్చిన కొత్త రేంజరు గారు ముఖ్య అతిథిగా మొదటి మొక్క నాటారు.

లేత మొక్కలకి ఎండ తగులుతుంది పాపం అని అనుమానం వచ్చింది యోగా టీచరమ్మకే. అటు చూస్తే అంచున కుప్పలుగా ఆకులు సిద్ధంగా ఉన్నాయి. ఇంకేం! బుట్టలతో, చీర కొంగులతో, ఒళ్లో పెట్టుకుని మోశారు. గీత మొత్తం చీలమండ లోతున ఎండుటాకులు పరిచారు. ముగ్గురు మూడు వారాలపాటు ఊడ్చింది రెండువందల పదిమంది మూడు గంటల్లో ఎక్కడిదక్కడ సర్దేశారు. సమష్టి కృషి అంటే అదీ!

ఆ పొద్దున మా బామ్మర్దిని ముందు గేటు దగ్గర బస్సులకి దారి చూపించే డ్యూటీలో వేశారు. పదకొండింటికి ఇటు వచ్చాడు. వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, గీత ఇటు చివరినుంచి అటు చివరిదాకా చూశాడు.

"బావా, వీళ్లకి ఎవరూ చెప్పలేదా?"

"చెబుదామనుకున్నానురా."

వాడు తిన్నగా డాక్టరు గారి దగ్గరికి వెళ్లాడు. "సార్, ఇది ఫైర్ లైన్ సార్. ఇక్కడ ఆకులుండకూడదు. నిప్పొస్తే లోయలోకి పోతుంది."

డాక్టరు గారు వాడి భుజం తట్టారు. "నీ బాధ నాకర్థమైందయ్యా. ఇకమీద దీన్ని ఎవడూ నరకడు. మేమున్నాం." అని చేతిలో ఒక మొక్క పెట్టి ఫొటోకి నిలబెట్టారు. రేంజరు గారు పక్కకి తీసుకెళ్లి, "ఇంత హడావుడి జరిగాక ఇప్పుడేం చేస్తాం, తర్వాత చూద్దాంలే" అన్నారు. మధ్యాహ్నానికి బోర్డు కూడా లేచింది. 'గ్రీన్ కారిడార్. మొక్కలను గాని, వాటి కింద పరచిన ఆకులను గాని ముట్టుకున్నవారిపై కఠిన చర్య తీసుకొనబడును.' ఆ వాక్యం నాదే.

ఇంటికొచ్చాక మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు మాట్లాడింది. మాట్లాడకుండా ఉన్నప్పుడే నయం.

"నలభై మందిని పంపమంటే పంపలేకపోయారు. వద్దన్న పనికి రెండొందల మందిని పంపారు. మీకు చప్పట్లు కావాలంటే నన్నడగండి, రోజూ పొద్దున కొడతాను. ఆ లోయ తగలబడితే మా తమ్ముడు మనిషిగా మిగులుతాడా? పంతొమ్మిదేళ్లండీ. వాడి పెళ్లినాడు కూడా మధ్యలో లేచి వెళ్లి చూసొచ్చాడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని సామెత. ఇక్కడ ఇంకా చేతులు కాలలేదు, ఆకులు మాత్రం మూడు కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి.

ఇదయ్యాక వారానికి మండలిలో కలకలం రేగింది. మొక్కలు మాయమవుతున్నాయి! ఒక సభ్యురాలు తన మొక్కతో ఫొటో దిగుదామని వెళితే మొక్క లేదు, కంచె లేదు, ఆకులు లేవు, నున్నటి నేల ఉంది. చూస్తే అలాంటివి డెబ్భై. నరికిన మాఫియానే మళ్లీ వచ్చిందన్నారు. వెనక గేటు కాపలావాడు ఏం చేస్తున్నాడని డాక్టరు గారు మండిపడ్డారు. ఇలాంటి నిర్లక్ష్యపు మనిషిని తీసేసి ఇంకొకర్ని పెట్టమని పై అధికారులకి ఆరువందల పన్నెండు మంది తరఫున ఫిర్యాదు రాయమన్నారు. రాయాల్సింది ఎవరు? ప్రచార కార్యదర్శే.

ఆ ఫిర్యాదు ఇంకా రాస్తూనే ఉన్నాను. వారం రోజులుగా మొదటి వాక్యం కుదరడం లేదు. రేపు పొద్దున కూడా కుదరకపోవచ్చు.

ఇప్పుడు మీకొక రహస్యం. మా ప్రెసిడెంటు గారు నా రచనల్లో మొదటి రెండు పేరాలు చదువుతారు. ఈలోగా పేషెంటు వస్తాడు, పేపరు మడిచేస్తారు. సెక్రటరీ గారు తన పేరుందా లేదా చూసుకుని ఆపేస్తారు. ఇంత దూరం వచ్చినవాళ్లు మీరే. కాబట్టి మీకు చెప్పొచ్చు. ఆ మొక్కల దొంగని నేనే.

ఒంటరిగా కాదు. పొద్దున ఐదున్నరకి మా ఆవిడా నేనూ బయల్దేరతాం. వెనక గేటు దగ్గర బామ్మర్దీ వాడి భార్యా కర్రలతో సిద్ధంగా ఉంటారు. మొక్కని వేళ్లు తెగకుండా మట్టిగడ్డతో సహా తీసి లోపల పారే ఏటి ఒడ్డున నాటుతున్నాం. అవి చావకూడదని వాడి పట్టుదల. పేర్ల అట్టముక్కలు కూడా వాటితోపాటే కట్టాడు. డాక్టరు గారి మొక్క అప్పుడే కొత్త ఆకు వేసింది. మొక్కలయ్యాక పుల్లలు, పుల్లలయ్యాక ఆకులు. ఎనిమిదిన్నరకి నా నడుము నాది కాదు. మొదటిరోజు బొబ్బలు చూసుకుని అబ్బా అన్నాను. మా ఆవిడ నూనె సీసా నావైపు తోసింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. పైన రాసిందంతా వెటకారమని మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు కోపం అందుకే ఎక్కువ. రెండువందల పదిమందికి చేతులున్నాయి, చెమటలు కార్చే మనసుంది, ఆదివారం ఉంది. లేనిది ఒక్కటే, అక్కడ పనిచేసేవాణ్ని ఏం కావాలయ్యా అని ఒక్క ముక్క అడగడం. ఆ అడిగేవాణ్ని నేనై ఉండాల్సింది. వాడు మా వంటింట్లోనే కూర్చుని చెప్పాడు.

మేం నలుగురం కలిసి రోజుకి వంద మీటర్లు ఊడవగలుగుతున్నాం. ఇంకా పంతొమ్మిది వందల మీటర్లు ఉంది. గాలులు మొదలవడానికి పదకొండు రోజులే ఉన్నాయంటున్నారు. లెక్క మీరే వేసుకోండి.

మా మిత్రమండలిలో చేరాలనుకునేవాళ్లు పన్ను నొప్పి వచ్చినప్పుడు చేరవచ్చు, తొందరేమీ లేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మూడు గంటలు వంగగలిగేవాళ్లు మాత్రం వెనక గేటుకి రండి. ఫారాలు లేవు, సర్టిఫికెట్లు లేవు. బోర్డు మీద రాసిన కఠిన చర్య ఉండొచ్చు. ఎవరైనా పట్టుకుంటే నా పేరు చెప్పండి. కాపలావాడికి ఏమీ తెలియదనండి. వాడికి ఈ ఉద్యోగం తప్ప వేరే ఏమీ రాదు, కావాలనీ లేదు.

నిన్న పొద్దున రోడ్డువైపునుంచి గాలి కొంచెం వేడిగా వీచింది. మా బామ్మర్ది ఊడవడం ఆపి, కాసేపు లోయవైపు చూసి, మళ్లీ కర్ర అందుకున్నాడు. నేను అడక్కుండానే, "ఇంకా టైముందిలే బావా" అన్నాడు.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను, వాడికి అబద్ధం చెప్పడం ఇప్పటికీ చేతకాదు.